తప్పులకు జీతం

ఇంగ్లీషు మేడంకి కూర్చోవడమంటే ఎంత ఇష్టమో ఆవిడ మోకాళ్ళకు తెలుసు, ఇంట్లో వదినకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. టైర్ల దుకాణం మీది గదిలో బల్లల మధ్య నిలబడి పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడ జడ నడుము దాటేది. జడ పోయి ముడి అయింది, ముడి పోయి గుప్పెడు పిలక అయింది. గది మాత్రం అదే. కిటికీలోంచి రబ్బరు వాసన, కిందనుంచి టైర్లకు గాలి కొట్టే మిషను మోత. మిషను మొదలైతే ఆవిడ ఆగుతుంది, అది ఆగితే ఆవిడ మొదలుపెడుతుంది. ఇన్నేళ్ళ సహవాసంలో ఆ మిషనుతో ఆవిడకు ఒక్కసారీ మాటా మాటా రాలేదు. మనుషులతో అంత సుఖం ఎక్కడిది?

"ఇదే ఆఖరి బ్యాచి వదినా" అని ఏటా అంటుంది. వదిన అంటే భర్త అక్కగారు. భర్త పోయాక ఆ ఇంట్లో ఈ ఇద్దరే మిగిలారు. వదిన వంట చేస్తుంది, మేడం సంపాదిస్తుంది, ఇద్దరూ కలిసి ఒకరి ఒంటి నొప్పులు ఒకరికి చెప్పుకుంటారు.

"నువ్వూ మానవు, నీ కాళ్ళ నొప్పీ మానదు" అంటుంది వదిన. "ముందు ఆ వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టు. మాట్లాడకు. పొద్దుట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నావుగా."

ఆ గదికి వచ్చేవాళ్ళంతా పగలెక్కడో ఒళ్ళు హూనం చేసుకుని సాయంత్రానికి మెట్లెక్కేవాళ్ళే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్, బట్టల షాపులో బిల్లులు కొట్టే అమ్మాయి, ఆఫీసు గేటు దగ్గర కాపలా కాసే పెద్దాయన. ఎవరి అవసరం వాళ్ళది. ఇంగ్లీషు మీద ప్రేమతో వచ్చినవాణ్ణి మేడం ఇంతవరకూ చూడలేదు. చూస్తే అనుమానించేదేమో కూడా.

అన్ని పాఠాల్లోకీ ఆవిడ ప్రాణం తోడేసేది పాసివ్ వాయిస్. తెలుగులో దానికి కర్మణి ప్రయోగమని పెద్ద పేరు పెట్టారు గానీ ఇళ్ళల్లో దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. భోంచేశావా అని అడిగితే 'నాచేత అన్నం తినబడినది' అనేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి రెండో ముద్ద ఎవరూ పెట్టరు. గ్లాసు పగిలింది, తాళం పోయింది, పాలు పొంగిపోయాయి అంటూ చేసినవాళ్ళ పేరెత్తకుండా కాలక్షేపం చేయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఆ నోళ్ళతోనే ఇంగ్లీషులోకి దిగేసరికి ఎక్కడ లేని చిక్కూ వస్తుంది. సగంమంది కావలసిన చోట 'వాజ్'ను మింగేస్తారు, మిగతా సగంమంది అక్కర్లేని చోటికి దాన్ని మోసుకొచ్చి తగిలిస్తారు. 'యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్' అంటాడు కాపలా పెద్దాయన. జరగడం దానంతటదే జరుగుతుంది కదండీ, దానికి వాజ్ ఎందుకు అని మేడం అడిగితే, "ఊరికే ఎందుకు జరుగుద్దమ్మా, ఎవడో ఒకడు గుద్దితేనే కదా" అంటాడు. అదీ న్యాయమే. 'లిఫ్ట్ ఈజ్ రిపేరింగ్' అన్నాడు మెకానిక్. లిఫ్టే పానా పట్టుకుని తనను తాను బాగుచేసుకుంటుంటే మరి నీకు జీతమెందుకు బాబూ అంది మేడం. క్లాసంతా నవ్వింది. పాపం అతనూ నవ్వాడు. ఇక ప్రతి వాక్యం చివరా 'బై సమ్‌బడీ' అని తోక తగిలించేవాళ్ళు మరో రకం. ఎవరో చేశారని చెప్పకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు.

ఏటేటా అవే తప్పులు, అవే నవ్వులు. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టుండేది ఆవిడ బతుకు.

అంత విసుగులోనూ ఆవిడ ఒక్క నియమం వదల్లేదు. తన ఎదుట ఎవరూ ఒక తప్పును రెండోసారి పలకకూడదు. తప్పు వాక్యం సగం బయటికి రాగానే బస్సు ఆపినట్టు చెయ్యెత్తి ఆపేస్తుంది. సరైన వాక్యం తనొకసారి అంటుంది, ఆపైన వాళ్ళ నాలుక తిరిగేదాకా దాన్నే అనిపిస్తుంది. మిగతా మేష్టార్లు తప్పును బోర్డు మీద రాసి పక్కన పెద్ద ఇంటూ గుర్తు వేస్తారు. ఈవిడ అదీ చెయ్యదు. "ఒకసారి అంటే పొరపాటు. రెండోసారి అంటే అలవాటు. మూడోసారి అన్నావంటే ఇక అది నీ సొంత మాట. దాన్ని పెకలించడం నా వల్ల కాదు" అనేది. నాలుకకు ఒప్పూ తప్పూ తెలియవని, ఎక్కువసార్లు దేని మీద నడిస్తే దాన్నే దారి అనుకుంటుందని ఆవిడ నమ్మకం. అనుభవం మీద వచ్చిన నమ్మకం కాబట్టి దాన్ని ఎవరూ కదపలేకపోయారు.

ఆ ఏడు కొత్త బ్యాచిలో ఒక ఆయమ్మ చేరింది. పెద్ద ఆస్పత్రిలో, లేవలేని రోగులుండే వార్డులో పని. నలభై దాటిన మనిషి. రోగుల్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తి ఎత్తి నడుము పుచ్చిపోయింది. బల్ల దగ్గర కూర్చునేటప్పుడు ముందు ఒక చెయ్యి బల్ల మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి, మెల్లిగా దిగేది. ఆ దిగడం చూసినప్పుడల్లా మేడం మోకాళ్ళు కలుక్కుమనేవి.

"ఇంగ్లీషు ఎందుకమ్మా నీకు?" అని మొదటిరోజు అడిగింది మేడం.

"మా వార్డు బయట ఒక బల్లుంటుంది మేడం. అక్కడ కూర్చునే ఆవిడ ఉద్యోగం మానేస్తోంది. ఫోనొస్తే తీసి చెప్పాలి. పేషెంటును ఫలానా వార్డుకి మార్చారు, డాక్టరుగారికి చెప్పారు, మంచం శుభ్రం చేస్తున్నారు, ఇట్లాంటివే. అంతా ఇంగ్లీషులో. మా హెడ్ నర్సుగారు మాలో మాకే పరీక్ష పెట్టి ఒకళ్ళని తీసుకుంటామన్నారు." ఆయమ్మ కాసేపాగి అసలు సంగతి చెప్పింది. "కూర్చుని చేసే పని మేడం అది."

ఆ ఒక్క మాటకే మేడం కరిగిపోయింది.

ఆయమ్మ తప్పులు చేసిందంటే అల్లాటప్పా తప్పులు కావు. ఆరోగ్యంగా, ఏ సందేహమూ లేకుండా చేసేది. మంచం శుభ్రం చేస్తున్నారు అనడానికి 'బెడ్ ఈజ్ క్లీనింగ్' అంటే మంచమే చీపురు పట్టినట్టుండేది. రోగి చనిపోయాడు అనడానికి 'పేషెంట్ వాజ్ డైడ్' అంటుంది.

"చనిపోయాడు అంటాం గానీ చనిపోబడ్డాడు అంటామా చెప్పు" అంది మేడం.

ఆయమ్మ నిజంగానే ఆలోచించింది. "అనం మేడం. కానీ మా వార్డులో చూస్తే అట్లాగే ఉంటుంది."

మేడం చాలా రోజుల తర్వాత క్లాసులో నవ్వింది. తర్వాత చెయ్యెత్తింది, సరైన వాక్యం చెప్పింది, అనిపించింది. ఆయమ్మ కష్టజీవి. రోగికి పక్క మార్చినంత ఓపిగ్గా ఒక్కో మాటా మార్చుకుంటూ వచ్చింది. పరీక్ష నాటికి గట్టెక్కుతుందనే మేడంకి అనిపించింది.

అప్పుడొచ్చాడు డైరెక్టరు తన ఆలోచనతో.

డైరెక్టరంటే ఆ శిక్షణ కేంద్రం యజమాని. ఒకప్పుడు అదే గదిలో వెనక బల్ల మీద కూర్చుని మేడం దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాడే. పాత యజమాని దగ్గర కేంద్రాన్ని కొనుక్కున్నాక అందరిచేతా డైరెక్టరని పిలిపించుకుంటున్నాడు. మేడం నలుగురిలో అతన్ని మీరంటుంది. విసుగొస్తే మాత్రం నువ్వు దొర్లిపోతుంది.

"ఈ మెట్లెక్కి ఇంకెవరొస్తారు మేడం? అందరి చేతిలో ఫోనుంది. మీ పాఠాలన్నీ వీడియోలు తీసేద్దాం. ఒక్కసారి చెప్తే చాలు, మళ్ళీ జన్మలో చెప్పక్కర్లేదు. ఆ వీడియోలు నడిచినంత కాలం నెలనెలా మీ వాటా మీకొస్తుంది. బ్యాచీలు తీసేస్తాం. మీరు ఇంట్లో హాయిగా కూర్చోండి."

అతను చాలా చెప్పాడు గానీ మేడంకి వినిపించింది చివరి మాటే.

"పేరు కూడా అనుకున్నాను. 'అందరూ చేసే తప్పులు'. ఒప్పు ఎవడు చూస్తాడు మేడం? జనానికి తప్పు కావాలి. అదీ ఇంకొకడు చేసిందైతే మరీ ఇష్టం."

పక్క గదిలో గోడకు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. దీపాలు పెట్టారు. ఫ్యాను తిరిగితే చప్పుడని ఆపేశారు. కెమెరా నడిపే అమ్మాయి ఒకర్తి వచ్చి మేడం మెడకు చిన్న మైకు తగిలించి, చెప్పండి మేడం అంది. మేడం కెమెరా వంక చూసింది. అది ఆవిడ వంక చూసింది. పాసివ్ వాయిస్ అనగానేమి అన్నది గడగడా అప్పజెప్పింది, అంతే, ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఎదురుగా ఎవరూ తప్పు చేయకపోతే ఏం చెప్పాలో ఆవిడకు తెలియలేదు. ఇన్నేళ్ళూ ఎవడో ఒకడు నోరు జారితే దాన్ని పట్టుకుని అల్లుకుపోవడమే తప్ప ఆవిడ దగ్గర వేరే పాఠమంటూ లేదు.

"బాగుంది మేడం" అంది కెమెరా అమ్మాయి మర్యాదగా. "కాస్త నిద్రొస్తోంది, అంతే."

పాత విద్యార్థుల్ని పిలిపించారు. మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, బట్టల షాపు అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరికీ ఇప్పుడు ఇంగ్లీషు బాగానే వచ్చు, అక్కడే వచ్చింది చిక్కు. మెకానిక్ 'లిఫ్ట్ ఈజ్' అని కాసేపాగి, కనుబొమ్మలు ఎగరేసి, నాటకంలో విలన్ లాగా 'రిపేరింగ్' అన్నాడు. బట్టల షాపు అమ్మాయి కంగారుపడి ఒప్పే చెప్పేసి నాలిక కరుచుకుంది. చూసినవాళ్ళెవరికైనా అది వేషమని తెలిసిపోతుంది.

"తప్పు కూడా సరిగ్గా చెయ్యలేకపోతున్నారేంటి మేడం మీ వాళ్ళు" అని డైరెక్టరు తల పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయమ్మ పక్క గదిలో క్లాసు ఉందేమోనని తలుపు దగ్గరికొచ్చి, లోపల దీపాలు చూసి, ఏమైందని ఇంగ్లీషులోనే అడిగింది. ఆ అడగడంలో ఎన్ని తప్పులుండాలో అన్నీ ఉన్నాయి. డైరెక్టరు ముఖం వెలిగిపోయింది.

మర్నాటి నుంచి ఆయమ్మకు ఆ గదిలో మెత్తటి కుర్చీ వేశారు. పాఠానికింతని డబ్బు ఇస్తామన్నారు. కెమెరా అమ్మాయి ముఖానికి పౌడరు అద్ది, జుట్టు సర్ది, "మీ నవ్వు చాలా బాగుంటుంది ఆంటీ" అంది. ఎవరైనా తన ముఖాన్ని అంత శ్రద్ధగా చూసి ఎన్నేళ్ళయిందో. ఆయమ్మ సిగ్గుపడిపోయింది. మేడం మాత్రం నిలబడే చెప్పాలి, పాఠం చెప్పేవాళ్ళు నిలబడితేనే చూడ్డానికి బాగుంటుందట.

పాసివ్ వాయిస్ మొదలైంది. ఆయమ్మ 'పేషెంట్ వాజ్' అనగానే మేడం చెయ్యి అలవాటుగా లేచింది.

"కట్" అన్నాడు డైరెక్టరు. "చెయ్యెత్తకండి మేడం. పూర్తిగా చెప్పనివ్వండి. తప్పు స్పష్టంగా వినపడకపోతే ఇంక వీడియో ఎందుకు?"

రెండోసారి ఆయమ్మ పూర్తిగానే చెప్పింది గానీ గొంతు బయటికి రాలేదు. మూడోసారి వచ్చింది, కింద గాలి మిషను మోత పడింది. నాలుగోసారి ముఖం బిగుసుకుపోయిందన్నారు. "హాయిగా చెప్పండి ఆంటీ, తప్పని మీకు తెలియనే తెలియదు. వాక్యం అయిపోయాక చిన్న నవ్వు నవ్వండి. అంతే" అంది కెమెరా అమ్మాయి. ఆ తర్వాత దీపం ఆరింది. ఆ తర్వాత మళ్ళీ మిషను. ఆ మధ్యలో ఒకసారి ఆయమ్మ మరిచిపోయి ఒప్పు చెప్పేసింది.

"అయ్యో, నేర్చేసుకుందేంటండీ ఈవిడ?" అన్నాడు డైరెక్టరు నిజంగా కంగారుపడి. మేడంని పక్కకు పిలిచాడు. "ఈ పాఠాలయ్యేదాకా ఈవిడకి ఇంకేమీ నేర్పకండి. మీకు పుణ్యముంటుంది."

"ఆవిడకి పరీక్షుంది. నోటికి ఇదే పట్టేసిందంటే కష్టం. నీకు తెలియదా, నా దగ్గర నేర్చుకున్నవాడివేగా?"

"పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే వారం."

"మరింకేం? మనది ఈ వారంలో అయిపోతుంది. తర్వాత మీరూ మీరూ కూర్చుని నేర్పేసుకోండి."

మేడంకి కాళ్ళు లాగేస్తున్నాయి. గదిలో గాలి లేదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ సాయంత్రమైపోతోంది. వద్దని గట్టిగా అంటే వాదన మొదలవుతుంది, వాదించడమంటే మరికాసేపు నిలబడటం. సరేలే అంది. ఆ సరేలేలో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. అలసిపోయినవాళ్ళు మామూలుగా చెడ్డపని చెయ్యరు, జరుగుతున్నదానికి అడ్డుపడరు, అంతే. ఫలితం అనుభవించేవాళ్ళకు మాత్రం రెండింటికీ పెద్ద తేడా ఉండదు.

ఆ వారమంతా ఆయమ్మ కుర్చీలో కూర్చుని, ముఖాన వెలుతురు పడగానే, గొంతెత్తి తప్పులు చెప్పి నవ్వింది. ఒక్కో తప్పూ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు. చివరికి కెమెరా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇక ఒక్కసారికే కుదిరిపోతోందని అందరూ సంతోషించారు. మేడం కూడా, దేవుడి దయవల్ల తొందరగా ఇంటికెళ్ళొచ్చు కదా అనుకుంది.

వీడియోలు అయిపోయిన మర్నాడే బ్యాచీలు తీసేశారు. గది తాళం డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయమ్మను ఇంటికి రమ్మని పిలిచి ఒప్పులన్నీ మళ్ళీ అనిపించాలని మేడం అనుకోకపోలేదు. అయితే ఆయమ్మకు ఆస్పత్రిలో తోటి మనిషి రాక రెండు డ్యూటీలు పడ్డాయి. మేడంకి పాదాలు బూరెల్లా పొంగాయి. రేపు ఫోన్ చేద్దాం అనుకుంది. ఆ రేపు కూడా రేపే అనుకుంది. ఇన్నేళ్ళకు దొరికిన కుర్చీ, అందులోంచి లేవబుద్ధి కాలేదు.

పరీక్ష అయిన రెండో రోజు మధ్యాహ్నం ఆయమ్మే వచ్చింది. వదిన తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, అక్కడే గుమ్మానికానుకుని నిలబడింది.

"ఏమైందమ్మా?" అంది మేడం. ముఖం చూస్తేనే తెలుస్తోంది, అయినా అడగాలి కదా.

"రాలేదు మేడం. వేరే అమ్మాయికిచ్చారు." ఆయమ్మ గ్లాసు కింద పెట్టింది. "మొదట్లో అడిగినవన్నీ బాగానే చెప్పాను. తర్వాత హెడ్ నర్సుగారు, ఒక పేషెంటు పోయాడనుకో, వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు, ఏం చెప్తావు అన్నారు. నాకు ఒప్పు తెలుసు మేడం. మనసులో ఒప్పే ఉంది. నోరు తెరిచేసరికి ముఖాన లైటు పడినట్టే అయింది. గట్టిగా, స్పష్టంగా చెప్పాను. యువర్ ఫాదర్ వాజ్ డైడ్ అని. చెప్పి నవ్వాను."

"నవ్వావా?"

"నవ్వానండీ. రెండూ కలిపే కదా పలికింది అన్నిసార్లు. అది వస్తే ఇదీ వచ్చేస్తోంది."

ఆయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"ఇంగ్లీషు తప్పైతే నేర్పుకుందును, ఆ కబురు చెప్పి ఈవిడ నవ్విందేమిటి అన్నారట హెడ్ నర్సుగారు. అక్కడున్న సిస్టరు చెప్పింది. నా చేతుల్లో ఎంతమంది పోయారో మేడం. ఒక్కరోజు కూడా నవ్వలేదు నేను."

మేడంకి తన మీద తనకే అసహ్యం వేసింది. క్షమించమని అడుగుదామనుకుంది. ఈలోపే ఆయమ్మ, "మీరేం చేస్తారు మేడం, నా రాత" అంటూ లేచింది. లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లిగా లేచింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన మాటకు ఎదురు చెప్పుకోవచ్చు, మీరేం చేస్తారన్న మాటకు చెప్పుకోడానికి ఏముంటుంది?

ఆవిడ వెళ్ళిపోయాక వదిన ఒక్కటే అంది. "చెయ్యెత్తితే సరిపోయేదానికి ఇప్పుడు కాళ్ళు పట్టుకున్నా ఏం లాభమమ్మా?"

అయినా మేడం ఆస్పత్రికి వెళ్ళింది. హెడ్ నర్సు మర్యాదగానే కూర్చోమంది. మేడం కూర్చోలేదు.

"ఆవిడ పనిలో వంక పెట్టలేమండీ" అంది హెడ్ నర్సు. "కానీ ఆ బల్ల దగ్గర నవ్వకూడనిచోట నవ్వితే ఎలా చెప్పండి?"

"ఆ నవ్వు ఆవిడది కాదండీ. మేం నేర్పింది."

హెడ్ నర్సుకు అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పడం మేడంకి చేతకాలేదు. లోపల ఏదో మంచం దగ్గర గంట మోగింది, హెడ్ నర్సు వెళ్ళిపోయింది. బయట బల్ల దగ్గర కొత్త అమ్మాయి ఫోనులో మాట్లాడుతోంది. మంచి ఇంగ్లీషు. తప్పు దొరుకుతుందేమోనని మేడం అక్కడే కాసేపు చెవొగ్గి నిలబడింది. అంతకు దిగజారినందుకు దారంతా సిగ్గుపడింది.

ఆ నెలాఖరుకు డైరెక్టరు ఫోన్ చేశాడు. పాసివ్ వాయిస్ వీడియో విపరీతంగా నడుస్తోందట. "మీ పాఠం కాదు మేడం, ఏమనుకోకండి. ఆయమ్మగారి నవ్వు. అది చూడ్డానికే చూస్తున్నారు. తప్పు చెప్పి అంత ధైర్యంగా నవ్వడం ఎవరికీ చేతకాదు. ఇప్పుడిక కాలాల పాఠాలు మొదలెడదాం. ఆవిడ ఒప్పుకున్నారు. ఆస్పత్రి కూడా మానేస్తారట. మీరు రానంటే వేరే మేడంని చూసుకుంటాను, నాకేం ఇబ్బంది లేదు."

మేడం వస్తానంది. వదిన ముక్కు మీద వేలేసుకుంది. కూర్చోమని దేవుడే వరమిస్తే వద్దని లేచి వెళ్ళేదాన్ని నిన్నే చూశానంది. మేడం పట్టించుకోలేదు. ఈసారి ఆవిడకో లెక్క ఉంది. పగలు ఎన్ని తప్పులు అనిపిస్తారో అన్నింటికీ సాయంత్రం దీపాలార్పాక ఒప్పులు అనిపించాలి. ఒకటికి పది అనిపించాలి. ఆ నాలుక మీద తను వేసిన దారిని తనే తవ్వి పారెయ్యాలి. ఈ చోట కాకపోతే మరో చోట ఇంకో బల్ల ఖాళీ అవదా ఏం? ఈ సంగతి ముందే డైరెక్టరుకు చెప్పింది. పని అయ్యాక మీ ఇష్టం అన్నాడతను.

మొదటి రోజు చిత్రీకరణ త్వరగానే అయిపోయింది. ఆయమ్మ చెయ్యి తిరిగిపోయింది మరి. ప్రతి తప్పూ ఒక్క దెబ్బకే సరిపోయింది. దీపాలార్పారు, కెమెరా అమ్మాయి పెట్టె సర్దుకుని వెళ్ళింది. ఆయమ్మ అద్దంలో చూసుకుంటూ పౌడరు తుడుచుకుంటోంది. మనిషి కాస్త తేరుకుంది. నడుము నిటారుగా ఉంది.

"రా, ఇలా కూర్చో" అంది మేడం. "ఇవాళ చెప్పినవన్నీ ఇప్పుడు సరిగ్గా చెప్దువు గాని. నేను ముందంటాను."

ఆయమ్మ చెయ్యి ఆగింది. "వద్దు మేడం."

"అలిసిపోయావా? కాసేపే."

"అలవలేదండీ. పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నాగా." ఆవిడ గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. పిల్లలకు నచ్చజెప్పినట్టు మెల్లిగా చెప్పింది. "నేర్చుకుంటే ఈ పని కూడా పోతుంది కదా మేడం."

మేడం నోటి దాకా వచ్చిన వాక్యం అక్కడే నిలిచిపోయింది. అది సరైన వాక్యమే. ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆయమ్మ సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, బడిలో బుద్ధిమంతురాలైన పిల్లలా వెనక్కి తిరిగింది.

"రేపు ఏ తప్పులు మేడం? ఇప్పుడే చెప్పారంటే ఇంటి దగ్గర చూసుకుని వస్తాను."

మేడం ఒక్కొక్కటే చెప్పింది. ఆయమ్మ శ్రద్ధగా విని, ఒకటి సరిగ్గా పలకలేక, మళ్ళీ అనమంది. మేడం ఆ తప్పును మళ్ళీ అంది.